జపాన్ రాణి, మా ఊరి రాణి

మా అక్క మొగుడు పోయాడని మొన్న జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. గల్ఫ్‌లో మేముండే సోనాపూర్ కూలీల క్యాంపు వంటగదిలో ఆ మాట చెప్తే, రొట్టెలు కాల్చుకుంటున్న పంజాబీ కూడా చెయ్యి ఆపి, "కౌన్, రానీవాలా?" అన్నాడు. నాకు రాత పెద్దగా రాదు. అయినా మా బావ గురించి ఇంకొకడు రాస్తే నేను ఊరుకోను.

బావ ఊళ్ళో నాటకాల్లో రాణి వేషం కట్టేవాడు. మా వైపు ఆయన్ని మించిన రాణి లేదు. క్యాంపుకొచ్చాక అదే ఎగతాళి అయింది. "రాణమ్మా, జెర నీళ్ళు తేవే" అనేవాళ్ళు రూంలో. "నవ్వనీ బామ్మర్దీ, నవ్వుకు టికెట్ లేదు గద" అనేవాడు నాతో. కానీ మొహానికి మళ్ళీ రంగు పుయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. అంత విద్య సిమెంటు దుమ్ములో కలిసిపోతుందని నా కడుపు మండేది.

మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. జపాన్ ఇంజనీరు ఆఫీసులో పారేసిన క్యాలెండర్ ఒకటి రూంకి తెచ్చుకున్నాం. అందులో ఒక బొమ్మ: పట్టుబట్టలు, తెల్లటి మొహం, ఓరచూపు. జపాన్ అమ్మవారని మావాళ్ళు గోడకు అంటించి, అగరుబత్తి వెలిగించి, మొక్కి మరీ బస్సెక్కేవాళ్ళు. బావ మొక్కలేదు. చూస్తూ నిలబడేవాడు.

ఒకరోజు ఆ ఇంజనీరే క్యాంపు చూడ్డానికి వచ్చి, అగరుబత్తి చూసి పగలబడి నవ్వాడు. మా హైదరాబాద్ ఫోర్‌మన్ ఆయన్ని అడిగి మాకు చెప్పాడు.

"అరె, దేవీ కాదు భాయ్! మొగోడు. వాళ్ళ నాటకంల ఆడ వేషం కట్టెటోడు. పెద్ద పేరున్నోడని మొకం చెక్క మీద చెక్కి, రంగుకో చెక్క పెట్టి, కాయితం మీద అచ్చు కొట్టిన్రంట."

నేను షట్టరింగ్ కార్పెంటర్ని, కాంక్రీటు పొయ్యడానికి చెక్క అచ్చులు కట్టేవాణ్ణి. చెక్క మీద తలవెంట్రుక సన్నం గీత తియ్యడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒక వేషగాడి కోసం అంత కష్టపడ్డారు!

బావ గోడ మీది బొమ్మ వైపు చూపించి రూంలోవాళ్ళను అడిగాడు.

"ఇన్ని దినాలు మొగోనికే మొక్కిన్రు గదరా. మరి నేనేం పాపం జేసిన?"

రాణమ్మా అని పిలిచినవాడే ముందు లేచాడు. "మామా, శుక్రారం ఛుట్టి గద, నువ్వు ఏషం గట్టాలె."

"కడత. గని మొక్కుడు వద్దు. సూడున్రి, సాలు."

దుప్పటే చీర. మొహానికి పౌడరు, పెదాలకు కుంకుమ. శుక్రవారం సాయంత్రం రెండు బ్లాకుల మధ్య కాంక్రీటు మీద నిలబడ్డాడు. మలయాళీలు, పంజాబీలు, బంగ్లావాళ్ళు చుట్టూ మూగారు. పద్యం ఎత్తుకుని, సగంలో ఆపి, మెడ తిప్పి, ఓరచూపుతో అలాగే నిలిచిపోయాడు. ఆ నిలవడం బొమ్మలోని జపాన్ వేషగాడిది. ఆ చూపు మాత్రం మా ఊరిది.

నైట్ డ్యూటీ బస్సు పఠాన్ డ్రైవర్ "యల్లా, యల్లా" అని, తొందరగా ఎక్కమని అరుస్తూ దిగాడు. బావను చూశాడు. వెనక్కి వెళ్ళి ఇంజన్ ఆపేసి, బస్సు మెట్టు మీదే కూర్చున్నాడు.