లాయరు క్రాబ్‌ట్రీ జేబు పుస్తకం

వెండెల్ క్రాబ్‌ట్రీకి చట్టం ఎంత వచ్చో చెప్పలేం కానీ, మా కెంటకీ కౌంటీలో జ్యూరీకి వచ్చే ప్రతివాడి చుట్టరికాలూ కంఠతా వచ్చు. ఎవరిది ఏ చర్చి, ఎవరి నాన్న ఎవరితో చేపలు పట్టాడు, అన్నీ చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో ఉంటాయి. జ్యూరీలో బాప్టిస్టు చర్చివాళ్లు ఎక్కువుంటే ప్రార్థన చేస్తున్నట్టు కళ్లు మూసుకుని వాదిస్తాడు. హైస్కూలు ఫుట్‌బాల్ పిచ్చివాళ్లు ఎక్కువుంటే ఆ జట్టు ఆకుపచ్చ టై కట్టుకొస్తాడు. సాక్ష్యం సంగతి ఎత్తితే మాత్రం దగ్గొస్తుంది.

మొన్న ఎల్బర్ట్ అనేవాడు తన పక్కింటాయన పడవ మోటారు ఎత్తుకుపోయిన కేసులో, వాడి తరఫున వాదిస్తూ, జ్యూరీ ముందు వరుసలో ఉన్న ముసలావిడ ఓపల్ స్పర్లాక్ దగ్గరికెళ్లి గొంతు వణికించాడు. "ఓపలమ్మా, మీ నాన్న ఇదే కుర్చీలో కూర్చుని మా నాన్న వాదన విన్నాడు. ఆయన్ని ఒక్కసారి తలుచుకుని తీర్పు చెప్పు తల్లీ!" జడ్జి సుత్తి కొట్టేలోపే తన రుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

పావుగంటలో జ్యూరీ తిరిగొచ్చి ఎల్బర్ట్ దోషి అని తేల్చింది. వాణ్ణి జైలుకు తీసుకెళ్లారు. కోర్టు మెట్ల మీద క్రాబ్‌ట్రీ ఆవిడకు అడ్డం పడ్డాడు.

"మీ నాన్నని తలుచుకోమన్నానుగా!"

"తలుచుకున్నానయ్యా వెండెలూ. మీ నాన్న ఏడుపుకి కరిగిపోయి మా నాన్న ఆనాటి దొంగని వదిలేశాడు. వారం తిరక్కుండా వాడు మా ట్రాక్టరే తోలుకుపోయాడు. చనిపోయేదాకా ఆయనది ఒకటే మాట, 'ఆ ఇంటి లాయర్లు ఏడిస్తే నమ్మకండి' అని."

క్రాబ్‌ట్రీ జేబులోంచి పుస్తకం తీశాడు. ఆవిడ పేరు పక్కన 'నాన్న' కొట్టేసి 'అమ్మ' అని రాసుకున్నాడు.