ఎవరూ మాది అనని పనిముట్టు

మా మేనత్త భర్త, నేను మామా అని పిలిచే మనిషి, పోయిన వారం ఎల్‌బీ నగర్‌లో కన్నుమూశాడు. ఆ రోజు బంద్. బస్సుల్లేక ఊరివాళ్లు మోటార్‌ సైకిళ్ల మీద వచ్చారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో గుమాస్తాగా బతికిన ఆయనకు ఉన్నది ఒక్కటే కోరిక. అది తీరలేదు.

ఆయన చంటిపిల్లాడిగా ఉండగానే తండ్రి నల్గొండ పల్లె వదిలి పట్నంలో ఏదో కార్ఖానాకు వచ్చి, ఇక్కడే చనిపోయాడట. ఊరికి తిరిగి చేరింది జానెడు పనిముట్టు ఒకటే. చీలి వంగిన ఇనుప కొన, మధ్యలో గాడులు, అరిగిన కర్రపిడి. దాంతో ఏం చేస్తారో చెప్పేవాళ్లు లేరు. మామ దాన్ని పాత ధోవతి ముక్కలో చుట్టి, ఆదివారాలు కొబ్బరినూనెతో తుడిచేవాడు. మామిడి పెట్టెల మేకులు పీకేదేమో అన్నాను ఒకసారి.

"రోజూ మేకులు పీకేటోళ్ల నడుమ కూసుంట. నాకే జెప్తున్నవా అల్లుడా?" అని నవ్వాడు. "చేతిల ఉన్నది ఏందో తెల్వకుంట పారెయ్యొద్దు" అనేవాడు. ఆ బుద్ధి నాకు ఆయన పెట్టిందే.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చాక ఆయనకు ఆశ పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద రోజుకొక వృత్తివాళ్లు తమ పని చేస్తూ నిరసన తెలిపేవారు. ఒకరోజు కుమ్మరి సారె తిరిగింది, ఇంకోరోజు నడిరోడ్డు మీద గడ్డాలు గీశారు. మామ వెళ్లి, జై కొట్టి, మూట విప్పేవాడు.

"జర సూడన్నా, గిది మీదేనా?"

"మాది గాదే."

కమ్మరి, వడ్రంగి, నేతవాళ్లు, అందరిదీ అదే మాట. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన లేత్‌ మిషన్ ఆయన్నీ అడిగాడు. "మా వైపు కూడా చూళ్లేదండీ" అన్నాడాయన.

"రాష్ట్రం ఇయ్యాల గాకుంటె రేపొస్తది. మా నాయిన ఏం పని జేసిండో చెప్పెటోడు రాడు" అన్నాడు మామ దవాఖానలో. నాకు ఏడుపొచ్చింది.

మూడోరోజు మేడ మీద విస్తట్లో అన్నం వడ్డించి పిట్టకు పెట్టాం. కాకి గోడ మీద వాలింది కానీ మెతుకు ముట్టలేదు. పోయినవారి కోరిక తీరుస్తామని మాటిస్తే ముడుతుందని మా నమ్మకం. అత్తను చూసుకుంటామన్నారు, ఇల్లు కడతామన్నారు. కాకి కదల్లేదు.

"కాకితోని 'మీ నాయిన కమ్మరి పని జేసిండు' అని చెప్పుండ్రి, అయిపోతది" అన్నాడొక పెద్దమనిషి.

అత్త ఒప్పుకోలేదు. "బతికినన్నొద్దులు అడిగిండు. సచ్చినంక అబద్ధం చెప్తమా?"

ఎండెక్కింది. విస్తట్లో అన్నం గట్టిపడింది. మేము కాకిని చూస్తున్నాం, అది మమ్మల్ని చూస్తోంది.