పది అంగల దూరం

అప్పట్లో నాకు ప్రపంచమంతా ఒక దుకాణంలాగే కనిపించేది. జనగామలో మా బాపుది స్టీలు గిన్నెల దుకాణం. బిందె ధర ఆయన ముందు రెండింతలు చెప్పేవాడు, కొనేవాళ్లు సగానికి అడిగేవాళ్లు, ఇద్దరూ కాసేపు అలిగి మధ్యలో ఎక్కడో కలుసుకునేవాళ్లు. మనుషుల మధ్య ఏ ఒప్పందమైనా ఇట్లాగే కుదురుతుందని నమ్మి పెరిగాను. (ఆ నమ్మకంతోనే పెళ్లిచూపులకు కూడా పోయాను. ఆ సంగతి ఇప్పుడు వద్దు.)

డిగ్రీ అయ్యాక ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. ఊళ్లో ఏ కట్టడం ఎక్కడ రావాలో ఊరివాళ్లనే కూర్చోబెట్టి తేల్పించడం నా పని. పెద్దవంగర అవతల ఒక ఊరు అప్పగించారు. బస్సు రోడ్డుకు ఆవలి వైపు మూతపడిన ఇటుక బట్టీ పక్కన ఒంటి గది ఉంటే, కొడకండ్లలో ఉండే యజమానిని అడిగి అందులో దిగాను. పొద్దున్నే చెట్ల చాటున ఆగి, బస్సు రాగానే అందులోంచి దిగినవాడిలా ఊళ్లోకి నడిచేవాణ్ణి. సారు రోజూ జనగామ నుంచి వస్తున్నాడంటే నా మాటకు విలువ ఉంటుందనుకున్నాను. దుకాణదారు కొడుకు ఖాళీ అల్మారా ఎవరికీ చూపించడు కదా. దాంతో నాలుగు నెలల్లో ఒక్కరూ నన్ను తిన్నావా అని అడగలేదు. సాయంత్రాలు బట్టీ మీది కాకులకు బాపు గొంతుతో బిందెలు అమ్మేవాణ్ణి. అవి బేరమాడేవి కావు.

అంతలో ఊరి చెత్త షెడ్డుకు చోటు తేల్చే రోజు వచ్చింది. అప్పటిదాకా ఊరి చెత్తంతా మంచినీళ్ల బావి పక్కనే పడేది. ఆ రోజు తేలకపోతే షెడ్డు పక్క ఊరికి పోతుంది, దాని వెంటే నా ఉద్యోగమూ పోతుంది. పంచాయతీ ముందు ముగ్గుతో ఊరి పటం వేశాం. షెడ్డు దేనికి ఎంత దూరం ఉండాలో ఎవరికి వారు చెప్పాలి, పటం మీద ఆ కొలతకు తగ్గ దారంతో దాని చుట్టూ గీత గీయాలి, గీతలు పడని చోట షెడ్డు కట్టాలి. ఇక్కడే నా తెలివి అడ్డం వచ్చింది. నిజానికి వంద అంగలు చాలు. "ముందు రెండు వందలనుండ్రి, వెనుక తగ్గించుకుందాం," అన్నాను.

"బడికి రెండు వందలు రాయి సారూ," అంది సర్పంచక్క.

"చర్చికి తక్కువేంది? గదే రాయి," అన్నాడు పాస్టరు.

"గుడికి మూడు వందలు."

"నా కల్లానికి గూడ," అన్నాడు ట్రాక్టరు మామ.

"నీ కల్లానికెందుకే, గక్కడ కుక్కలు పండుకుంటయ్."

"నా కుక్కలకు ముక్కు లేదా?"

చివరికి, "ఇగ జర తగ్గుండ్రి," అన్నాను.

"ఎందుకు తగ్గాలె? నువ్వే చెప్తివి గద," అంది సర్పంచక్క. ముందు తగ్గినవాళ్ల పక్కకే షెడ్డు వస్తుందని నాకు తప్ప అందరికీ తెలుసు. గీతల మీద గీతలు పడి ఊరే కనిపించకుండా పోయింది. అరచేయంత చోటు మిగిలింది. అది ఇటుక బట్టీ.

"గదే మంచిగుంది. గక్కడ ఎవ్వలుండరు," అన్నాడు ట్రాక్టరు మామ.

చేతులన్నీ లేచాయి. దారం ఇంకా నా చేతిలోనే ఉంది.

"అక్కా, గా బట్టీ పక్క అర్రల నేనుంటున్న."

బస్సు స్టేజీ దగ్గర చాయ అమ్మే అవ్వ నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. "ఒక్కనివేనా బిడ్డా? మరి రోజు బస్సు దిగినట్టు చేస్తివి?"

నేను చేతిలోని దారాన్ని ఉండ చుట్టడం మొదలుపెట్టాను.

"సరె, నీకెంత దూరం గావాలె, చెప్పు," అంటూ సర్పంచక్క దారం అందుకుంది.

మూడు వందలు అనాల్సింది. బాపైతే ఐదు వందలనేవాడు. నీకేం కావాలని నాలుగు నెలల తర్వాత ఒకరు అడిగేసరికి బేరమే మరిచిపోయాను. "పదంగలు చాలక్కా," అన్నాను. గంత తక్కువెందుకు సారూ అని ఎవరైనా అంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ బేరమాడలేదు. సర్పంచక్క వేలెడు దారంతో నా గది చుట్టూ శ్రద్ధగా ఒక సున్నా చుట్టింది.

షెడ్డు వచ్చింది, బావి బాగుపడింది, నా ఉద్యోగం నిలిచింది. ఉన్నన్నాళ్లూ కిటికీ మూసుకుని అన్నం తిన్నాను. చాయ అవ్వ మాత్రం తిన్నావా అని రోజూ అడిగేది. తినని రోజు కూడా తిన్నాననేవాణ్ణి.

ఈ మధ్య, ఇప్పుడు నేనే చూసుకుంటున్న బాపు దుకాణం పని మీద అటు పోతూ ఆ ఊళ్లో బస్సు దిగాను, ఈసారి నిజంగానే. గది పైకప్పు కూలిపోయింది, షెడ్డు ఉంది. గడప నుంచి షెడ్డు గోడ దాకా అంగలు వేశాను. సరిగ్గా పది. ఇన్నేళ్ల బేరాల్లో అడిగింది అడిగినట్టు నాకు దక్కింది అదొక్కటే. లోపలి గోడకు నేను కొట్టిన మేకు ఇంకా ఉంది. దానికి చొక్కా తగిలించి కాకులతో మాట్లాడిన ఆ పిల్లగాణ్ణి తలచుకుని నవ్వుకున్నాను. ఇంకొంచెం అడిగి చూడాల్సింది రా, ఇచ్చేవాళ్లే.