చక్రాలున్న వాటికి పన్ను లేదు

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "అక్క కొత్త వంటగది. పొడవు పదహారు అడుగులు, వెడల్పు పది. రేకు కప్పు. పాలు బాగా పొంగాయి."

మా వాళ్ళలో ఆడపిల్ల కొత్త వంటగది కట్టుకుంటే పొయ్యి పుట్టింటి నుంచే రావాలి. రబ్బరు తోట వదిలి బంటింగ్ పట్నానికి వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. గ్యాస్ పొయ్యి నేనే మోసుకెళ్ళాను, పాలు నేనే పొంగించాను. కొలతలు మాత్రం ఎవరూ అడగలేదు. అప్పట్లో మునిసిపల్ కౌన్సిల్లో ఇళ్ళ పన్ను నిర్ణయించే గుమాస్తాను. ఏ గదిలో అడుగుపెట్టినా కొలవడం అలవాటు.

నెల తిరక్కుండా అక్క వీధి మదింపు నా చేతికే వచ్చింది. సొంతవాళ్ళు కదా అని దాచిపెట్టానన్న మాట పడకూడదని, డైరీ చూసి ఆ కొలతలు రిజిస్టరులోకి ఎక్కించాను. చుకాయ్ పింతు, అంటే మలయ్ మాటలో ఇంటి పన్ను, పెరిగిందని అక్కకు కాగితం వెళ్ళింది.

ఆ వారమే పాత రబ్బరు తోటలో కట్టిన విమానాల షెడ్డును కొలవడానికి వెళ్ళాను. లోపల ఒక కంపెనీ యజమాని సొంత విమానం. అక్క వీధి మొత్తం అమ్మినా దాని ధర రాదు. షెడ్డుకు పన్ను వేశాను. విమానానికి వేయడానికి చట్టంలో చోటు లేదు. నేలకు అతుక్కున్నదే ఆస్తి. రాష్ట్రం చట్టం మార్చి విమానాలనూ ఆస్తిగా లెక్కిస్తుందని ఒక మాట వచ్చింది. అభిప్రాయం అడిగితే ఏడు పేజీలు రాసి ఇచ్చాను. మళ్ళీ వాటి ఊసెత్తినవాళ్ళు లేరు.

ఇదంతా అక్కతో చెప్పడం ఇంకో తప్పు.

"అయితే నా వంటగదికీ సక్రాలు ఎట్టించుకుంటాన్లా" అంది.

బావ నవ్వాడు.

"నువ్వు నవ్వకు. ఒరే తమ్ముడా, పాలు పొంగించడానికి వచ్చినావనుకున్నాను. కొలుసుకోడానికి వచ్చినావేటి?"

"రూలు అక్కా..."

"ఆ రూలు ఇమానమోడికి సెప్పు, ఎల్లు."

రిటైరయ్యాక వారానికోసారి వెళ్తున్నాను. ముందు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది. వంటగదిలోకి రమ్మనదు. నేనిచ్చిన పొయ్యి పెరట్లో వానకు తుప్పు పట్టింది.

మొన్న ఇంటి మీదుగా ఒక చిన్న విమానం వెళ్ళింది.

"నీ సుట్టం ఎల్తన్నాడు, పలకరించు" అంది అక్క.

కాఫీ తాగి, గ్లాసు నేనే పట్టుకుని వంటగది వైపు నడిచాను. అక్క లేచి వచ్చి గుమ్మం దగ్గరే దాన్ని అందుకుంది.