ఒక్కడి తలకే జమ్మి

1996 అక్టోబరు నాటికి నేను దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక నిర్మాణ కంపెనీ క్యాంపుకు వెల్ఫేర్ ఆఫీసర్‌ని. పేరు ఘనమే గాని చేసేది గదుల కేటాయింపు, మెస్ ఫిర్యాదులు, తగాదాల మీద రిపోర్టులు. తెనాలి దగ్గర పుట్టి ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చేసినవాడికి దొరికిన ఉద్యోగం అది. చదివింది ఎక్కడో ఒకచోట వాడాలన్న దురద మాత్రం నన్ను వదల్లేదు.

దసరాకు పది రోజుల ముందు రాజయ్య నా ఆఫీసుకు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, సైటులో కడ్డీలు కట్టే పని. "పండుగకు అందరం ఒక్కతాన కూడుతం సార్, జర పర్మిషన్ ఇప్పియ్యుండ్రి" అన్నాడు. మేనేజరును అడిగితే అక్కడి అరబ్బీ మాటలో పూజ 'మాఫీ', అంటే లేదు, కుదరదు, ఆటలైతే పెట్టుకోమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గ్రీకులకు ఆటలే పూజ కదా. ఒలింపియాలో ఉత్సవమంతా జియస్ దేవుడి కోసమే. ఒక పక్క ఎడ్ల బలి, ఇంకో పక్క పరుగుపందెం. అక్కడికి వెళ్ళేవాళ్ళ జోలికి ఎవరూ పోకూడదని సంధి కూడా ఉండేది. అర్జీలో 'స్పోర్ట్స్' అని రాసి సంతకం తెచ్చుకున్నాను.

సంధి అవసరం నాకూ ఉంది. అంతకు ముందు నెలలో రాజయ్య, అతని ఊరివాడే అయిన తాపీమేస్త్రీ లింగయ్య, కుళాయి దగ్గర వంతు కోసం కొట్టుకున్నారు. ఒక మనిషి మీద రెండో రిపోర్టు వెళితే వీసా క్యాన్సిల్, అది కంపెనీ రూలు. మొదటిది ఇద్దరి మీదా నేనే రాసి పంపాను. అప్పటినుంచి వాళ్ళకు మాటల్లేవు. పరుగుపందేనికి మాత్రం ఇద్దరూ పేర్లిచ్చారు. పిలిపించి, ఆటలయ్యేదాకా గొడవ పడబోమని మాట తీసుకున్నాను.

దసరా దాటిన శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, క్యాంపు వెనక ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీయించాను. గ్రీకుల పద్ధతిలో గెలిచిన ఒక్కడికే కిరీటం, అదీ పవిత్రమైన ఆలివ్ చెట్టు రెమ్మలతో. రెండోవాడికి ఏమీ ఉండదు. మా గోడ అవతల ఘాఫ్ చెట్టు ఒకటి ఉండేది; అది మన జమ్మే. దసరాకు ఇంతకన్నా ఏం కావాలనుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా తగుదునమ్మా అని నేనే దండ అల్లాను.

రాజయ్య గెలిచాడు. లింగయ్య ఒక్క అడుగు వెనకబడ్డాడు. రెండో స్థానానికి బహుమతి లేదని గట్టిగా ప్రకటించి రాజయ్య తలమీద దండ పెట్టాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"జమ్మి ఒక్కనికే ఇస్తరా సార్? గిదేం పండుగ?" అన్నాడు లింగయ్య. అతని వెనక నలుగురు లేచారు. రాజయ్య వైపువాళ్ళూ ముందుకొచ్చారు. ఖాళీ రిపోర్టు ఫారం నా చేతిలోని అట్టకే పెట్టి ఉంది. దాన్ని నింపితే రెండు కుటుంబాల కూడు పోతుంది. తప్పు చూస్తే నాది. నిజంగా భయపడ్డాను.

రాజయ్య దండ తీశాడు. రెమ్మలు విప్పి, ఆకు దూసి, మొదటి పిడికెడు లింగయ్య ముందుకు చాపాడు. "బంగారం తీస్కో అన్నా" అన్నాడు. లింగయ్య వెంటనే చెయ్యి చాపలేదు. రాజయ్య కాళ్ళకు మొక్కబోయేసరికి మాత్రం లేపి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ ఇచ్చాడు. తర్వాత ఆకు అందరి చేతుల్లోకీ వెళ్ళింది, నా చేతిలోకి కూడా.

వాళ్ళ వైపు దసరాకు జమ్మి ఆకును బంగారమంటారట, మాటల్లేని మనిషికి కూడా ఇవ్వాల్సిందేనట. మా వైపు జమ్మికి పూజ చేస్తాం గాని ఈ పంచుకోవడం నేనెరగను. ఒలింపియా సంగతులన్నీ తెలిసిన నేను పక్క గదుల్లోని మనుషుల్ని ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం రిజిస్టరులో 'సంఘటనలు లేవు' అని రాశాను. మరో నాలుగేళ్ళు ఆ ఆటలు నేనే నడిపాను. ఆ శుక్రవారాలు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది. ఆటల రూలు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ, ఆడేవాళ్ళను అడక్కుండా రాయలేదు.