మోకాలు కాదన్న మనిషి

నా తుంటి కీలు అరిగిపోయిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మక్తల్ బస్టాండులో కలిసిన ఒక గొర్ల కాపరి. ఎక్స్‌రే, ఆపరేషన్ అన్నీ ఆ తర్వాతే.

అప్పటికి ఏడాదిగా నేను మోకాలు నొప్పి అంటున్నాను. మోకాలికి ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. ఆ రోజే అన్నాల దగ్గర మా తమ్ముడు, "అన్నకు పని తప్పించుకునే రోగమొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

బస్టాండులో నేను బెంచీ మీద కూర్చోబోతుంటే, గొంగడి భుజాన వేసుకున్న ఆ ముసలాయన ఆపాడు.

"ఏడ నొస్తాంది?"

"మోకాలు."

"జర గా గోడ దాంక నడువు, సూస్త."

"నేనేమన్న నీ గొర్రెనా తాతా?"

"గొర్రెయితే గిట్ల ఎదురు మాట్లాడదు. నడువు పటేలా."

నడిచాను. ఆయన వెనక నిలబడి చూశాడు.

"నీ బాధ మోకాల్ల లేదు, తుంటిల ఉంది. నొప్పి కిందికి దిగుతాంది. దవాఖానల తుంటికి ఫొటో తియ్యమను."

మోకాలు చూసిన డాక్టరు నన్ను నడవమనలేదు. ఇంట్లోవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా నాకంటే ముందు వెళ్ళిపోయేవాళ్ళు. ఏడాదిలో నా నడకను నిలబడి చూసింది ఆయనొక్కడే.

"ఇగ సాలు, వచ్చి కూసో" అన్నాడు.

విననట్టే, ఆ నొప్పితోనే ఇంకోసారి గోడ దాకా నడిచాను.