నేను వద్దన్న బొమ్మల రసాయనశాస్త్రం

పోయిన వారం అశోక్‌నగర్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, పిల్లలకు కెమిస్ట్రీ పుస్తకాలు ఎంచాలి, నువ్వొచ్చి చూస్తే గాని తేలేట్టు లేదని అంటే, చిక్కడపల్లి నుంచి ఎంత దూరంలే అనుకుని, కళ్ళద్దాలు సంచిలో వేసుకుని నడుచుకుంటూనే వెళ్ళాను. మనవరాలికి పదకొండేళ్ళు, మనవడికి తొమ్మిది. రెండేళ్ళుగా ఇద్దరికీ ఇంట్లోనే చదువు, తల్లే టీచరు. జీవితమంతా బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కనుక పిల్లల్ని బడి మాన్పించడం నాకు నచ్చలేదు, నెలరోజులు కూతురితో ముభావంగా ఉన్నాను కూడా. తర్వాత్తర్వాత, ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు విని, నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

మూడు రకాల పుస్తకాలు నమూనాకు తెప్పించి బల్ల మీద పరిచింది మా అమ్మాయి. రెండు మామూలువే, మనం చదివినట్టే, మనం చెప్పినట్టే. మూడోది మాత్రం పేజీ తిప్పితే చాలు రంగులు కళ్ళలోకి దూకుతున్నాయి. ఇనుప మేకు వానలో తడిసి తుప్పు బట్టలు తొడుక్కుంటోంది, నిమ్మకాయా సబ్బూ తగువులాడుకుంటున్నాయి, కొవ్వొత్తి మంట పొరలు పొరలుగా విప్పి తన లోపలేముందో చూపిస్తోంది. పిల్లలు దాన్ని నేలమీదికి లాక్కుని బోర్లా పడుకుని చూస్తుంటే, సంతోషించాల్సిన నాకు గుండెలో సన్నగా మంట మొదలైంది. అడిగి ఆ పుస్తకం తీసుకుని తప్పులు వెతకడం మొదలుపెట్టాను. ఇక్కడ బాణం గుర్తు వంకరగా ఉంది, ఇక్కడ ఎలక్ట్రాన్ ఒకటి తక్కువ గీశారు, ఈ రంగు ఇంత ముదురుగా ఉండదు అంటూ పెన్సిలుతో గీతలు పెడుతూనే ఉన్నాను.

"అమ్మా, జర ఆగు. గంట సంది తప్పులే తీస్తున్నవ్. ఆ పుస్తకం నిన్నేం జేసింది?" అంది మా అమ్మాయి నవ్వుతూ.

నవ్వుతూ అన్నదే గాని తగలాల్సిన చోటే తగిలింది. ఆ పుస్తకం నన్నేమీ చేయలేదు. ఎప్పుడో నేనే అలాంటి పుస్తకాన్ని ఒకదాన్ని ఏదో చేశాను. ఇన్నేళ్ళలో ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, నాకు సాయంగా ఇంకొక కెమిస్ట్రీ టీచరు వచ్చింది. నాకంటే రెండేళ్ళు చిన్నది, కవాడిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేది, వచ్చిన మొదటి రోజు నుంచే నన్ను అక్కా అని పిలిచింది. పిల్లలు నన్ను పెద్ద టీచరనీ, ఆమెను చిన్న టీచరనీ అనేవారు. ఆమె చేతిలో సుద్దముక్క ఉంటే చాలు, నల్లబల్ల మీద మనుషులు లేచి నిలబడేవారు. నాలుగు చేతులున్న ఒక అక్క, ఒక్కో చేతినీ ఒక్కో చెల్లెలు పట్టుకుంటే అది మీథేన్. నీళ్ళంటే ఒంటికి మంటెత్తే అల్లరి పిల్లవాడు కిరోసిన్ డబ్బాలో దాక్కుంటే అది సోడియం. నా క్లాసులో నలభైమంది తలలు వంచుకుని రాసుకునేవారు. గోడకు అవతల ఆమె క్లాసులో నలభైమంది ఒకేసారి నవ్వేవారు. ఆ నవ్వు వినపడిన ప్రతిసారీ నేను గొంతు పెంచి పాఠం చెప్పేదాన్నని ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లో మా బడి వాళ్ళు ఒక మంచి పని చేసేవారు. రకరకాల కారణాలతో ఇల్లు కదలలేని ఆడపిల్లలు ఇంట్లో ఉండి చదువుకుని ప్రైవేటుగా పది పరీక్ష కట్టేవారు. అలాంటి పదిహేనుమంది దాకా అమ్మాయిలకు మా బడి పాఠాలు అచ్చువేసి పంపేది. నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మైనపు కాగితం మీద ఉక్కు మొన కలంతో రాసి, సైక్లోస్టైల్ మిషను మీద చేత్తో తిప్పి తీసిన కాగితాలు, వాటి సిరా వాసన, రోజంతా వేళ్ళకు వదలని ఆ నలుపు. కెమిస్ట్రీకి కొత్తగా పుస్తకం తయారు చేయాలని హెడ్‌మిస్ట్రెస్ గారు మా ఇద్దరినీ రాసుకు రమ్మన్నారు. నేను ప్రశ్నలూ జవాబులూ రాసుకెళ్ళాను. ఆమె పాఠం పాఠమంతా బొమ్మలు వేసుకొచ్చింది. రెండూ బల్ల మీద పెట్టి, సీనియర్‌ని నేనే కనుక, ఏది మంచిదో చెప్పమని ఆవిడ నన్నే అడిగారు.

నేను ఆ బొమ్మలు ఒక్కొక్కటే తిరగేశాను. అంత అందమైన రసాయనశాస్త్రం నేనెన్నడూ చూడలేదు, చూడలేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"బొమ్మలకు మార్కులు రావు మేడం. పరీక్షల ప్రశ్నలే కద అడుగుతరు" అన్నాను.

నా నోట్సే అచ్చయింది. ఆమె ముఖం ఒక్క నిమిషం చిన్నబోయింది, అంతే. పోనీలే అక్కా, నీ నోట్సుతోటి పిల్లలు పాసయితరు అని నా చేయి పట్టుకుంది. కోపగించుకుని ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆ అమ్మాయిల ఇళ్ళకు వెళ్ళి పాఠాలు అప్పజెప్పించుకునే పని కూడా నాదే. బర్కత్‌పురలో ఒక అమ్మాయి ఉండేది, చిన్నప్పుడు జబ్బుచేసి రెండు కాళ్ళూ పడిపోతే తల్లి ఎత్తుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టేది. నా నోట్సు పొల్లుపోకుండా అప్పజెప్పేది, కాని ఏది చెప్పినా ఒకే గొంతుతో, ఎక్కాలు చదివినట్టు. ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. నేను అడగకముందే మైలుతుత్తం కథ ఎత్తుకుంది, వేడిచేస్తే నీలం పోయి తెల్లబడుతుంది, నీటిచుక్క పడితే మళ్ళీ నీలమవుతుంది అని చేతులు తిప్పుతూ చెప్తుంటే, ఎప్పుడు చూశావని అడిగాను. నోట్‌బుక్ తెరిచి చూపించింది. నా ప్రశ్నలకూ జవాబులకూ పక్కన ప్రతి పేజీలోనూ ఆ బొమ్మలు అన్నంమెతుకులతో అంటించి ఉన్నాయి.

"చిన్న టీచర్ వస్తుంది టీచర్. పొట్లంల మైలుతుత్తం గూడ తెచ్చి, గరిటెల కాల్చి చూపించింది. ఇవి చూసినంక మీరు రాసింది గూడ మంచిగ సమజయితుంది" అంది ఆ పిల్ల, నన్ను సంతోషపెడదామనే.

మరునాడు హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళి, ఆ టీచరు అనుమతి లేకుండా ఇళ్ళకు తిరుగుతోందనీ, ల్యాబు సామాను బయటికి తీసుకుపోతోందనీ చెప్పాను. రెండూ నిజాలే. నిజాలే చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. స్టాఫ్ రూములో అందరి ముందు ఆమెకు చీవాట్లు పడ్డాయి. ఆమె తల వంచుకుని నిలబడింది. నేను పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నట్టు నటించాను. ఆ ఏడు పరీక్షలు కాగానే ఆమె రాంనగర్ వైపు వేరే బడికి వెళ్ళిపోయింది. బర్కత్‌పుర అమ్మాయికి కెమిస్ట్రీలో అందరికంటే ఎక్కువ మార్కులొస్తే, ప్రార్థన సమయంలో నన్ను ముందుకు పిలిచి నా నోట్సును మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి వచ్చి నా వరుసలో నిలబడ్డాను.

మళ్ళీ చిన్న టీచరును చూసింది నేను రిటైరయ్యాక, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో. జుట్టు తెల్లబడింది గాని అక్కా అన్న పిలుపు అదే. తోటకూర కట్టలు చేతిలో పట్టుకుని, జనం రాసుకుంటూ పోతుంటే, ఇంకెప్పుడు చెప్తాననిపించి అక్కడే చెప్పేశాను, ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ గారితో చెప్పింది నేనేనని.

"నాకెరుకే అక్కా," అంది. "ఆ పిల్ల నోట్‌బుక్ నువ్వు గాక ఇంకెవరు చూసిన్రు? కోపమొచ్చింది. చాన ఏండ్లు ఉండె. ఇప్పుడు లేదు."

బొమ్మలు వేస్తున్నావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"కొత్త బళ్ళె సుద్దముక్క పడితె చెయ్యి ఆగేది. ఎవరన్న చూస్తున్నరేమో అనిపించేది. గట్ల గట్ల బందే అయిపోయింది."

ఇది చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే, ఉన్నది చెప్తాను. ఆ మాట వినగానే ఆ పాపం నాదేనని అర్థమైంది. ఆ వెనకే, మనసులో ఎక్కడో అట్టడుగున, ఇక ఆ నవ్వులు ఏ గోడ అవతలా లేవన్న నెమ్మది కూడా కలిగింది. పశ్చాత్తాపం వచ్చాక అసూయ పోతుందనుకుంటాం. నా దగ్గర రెండూ పక్కపక్కనే కాపురముంటున్నాయి.

మొన్న మా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. రబ్బరుతో నా పెన్సిలు గీతలు చెరిపేసి, ఎలక్ట్రాను తక్కువైన చోట మాత్రం ఒక చుక్క పెట్టి, ఇదే తీసుకోమన్నాను. మనవరాలు వెంటనే లాక్కుంది. తిరిగొస్తూంటే, హాస్టళ్ళ నుంచి బయటికొచ్చిన, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు టీ బండి దగ్గర నిలబడి, ఒకరి ఫోనులో ఒకరు పాఠాల బొమ్మలు చూసుకుంటున్నారు. ఎవరు గీశారో వాళ్ళకు తెలియదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, నచ్చితే పక్కవాడికి చూపిస్తున్నారు. మా రోజుల్లో ఒక బడికి ఒక్క మిషను, దాని మీద ఏది ఎక్కాలో చెప్పడానికి ఒక్క గది, ఆ గదిలో ఆ రోజు నేను. ఇప్పుడైతే చిన్న టీచరు బొమ్మల్ని ఆపడానికి నా ఒక్కదాని మాట సరిపోయేది కాదు.